ముద్ర ఉన్న మానులు

ఈతమాకులకోన ఫారెస్టు బంగళా,
1943 నవంబరు

ప్రియమైన పంకజానికి,

నువ్వు పంపిన క్వినైను మాత్రలు చేరాయి. జ్వరం లేదు. ఉన్నదల్లా తలనొప్పి, అది మొన్న టపాలో కవరులో వచ్చింది. యుద్ధానికి కలప కావాలట. రైలు పట్టాల కింద దిమ్మెలకు, వంతెనలకు, గుడారాల మేకులకు. ఈ కోనలో నడుమంత లావున్న మాను ఏదీ నిలవకూడదని హుకుం.

మేం కొట్టే పద్ధతి నీకు కొత్త కాదు. మళ్లీ చెప్పుకుంటే నాకు కాస్త ధైర్యం, అంతే. ఈ అడవిలో తాత మాను, తండ్రి మాను, ఎదిగే కొడుకు, నిరుడు మొలిచిన పిలక, అన్నీ కలిసే ఉంటాయి. మద్ది, ఏపి, జలారి, ఎర్రచందనం, ఏ జాతి తీసుకున్నా అంతే. కొడుకు అందివచ్చాకే తాతను కొడతాం. కొట్టడానికి హద్దు గీసిన ఒక కూపులో అట్లా ఏరి కొట్టి బయటికి వస్తే మళ్లీ అందులో గొడ్డలి పెట్టేది ఒక తరం తరువాతే. అప్పటికి కొడుకే తాత అయి ఉంటాడు. ఏటా కలప దిగుతుంది, అడవి తరగదు. నాకు ముందున్న రేంజర్లు ఇట్లాగే చేశారు కాబట్టి నాకు అడవి మిగిలింది.

పై దొర కాళ్లా వేళ్లా పడి ఒకటి సాధించాను. మొదటి కూపులో నాలుగో వంతు ఉంచుకోవచ్చు. విత్తనం రాల్చే తల్లి మానులు, చేతికందబోయే వయసు మానులు. మిగతావి పోవలసిందే. అయితే కొట్టవలసినవే వేలకు వేలు. మా దగ్గరున్నది ఒకే సర్కారు ముద్ర సుత్తి, ఇద్దరు గార్డులు. ఎప్పుడూ చేసేదేమిటి? కొట్టవలసిన మానుకు ఎదమట్టాన బెరడు చెక్కి ఒక దెబ్బ, నేలకు దగ్గరగా మొదలు మీద ఒక దెబ్బ. ముద్ర పడితేనే గొడ్డలి ముట్టాలి. ముద్ర లేనిది ముట్టినవాడికి జైలు. ఈ వేలన్నిటికీ ముద్ర వేయాలంటే యుద్ధమే ముగుస్తుంది. అందుకని ఈసారి తిరగేశాను. ఉంచవలసిన వాటికే ముద్ర. కూపు చుట్టూ తిరిగి నా చేత్తోనే వేస్తున్నాను. భుజం లాగేస్తోంది కానీ ఇన్నేళ్లలో సుత్తి ఎత్తి సంతోషపడటం ఇదే మొదటిసారి.

కూపు వేలం పాడిన కంట్రాక్టరు మునికృష్ణ నవ్వాడు. "ఏమప్పా రేంజరూ, పెళ్లికూతురికి బొట్టు పెట్టినట్టు పెడతా ఉండావే" అన్నాడు. నేను నవ్వలేదు.

బియ్యం దొరుకుతున్నాయా? కొర్రలు పంపనా?

నీ
దేవరాజులు

*

చిత్తూరు,
1943 డిసెంబరు

ప్రియమైన మీకు,

కొర్రలు వద్దు. నాకు అరగవని తెలిసీ అడుగుతారు. కాగితం దొరకడం లేదు, అందుకే పిల్లల పరీక్ష కాగితాల వెనక రాస్తున్నాను. తిప్పి చూస్తే ఎవరో అమ్మాయి పుష్పవిన్యాసం గురించి రాసిన అబద్ధాలు కనిపిస్తాయి, చదువుకుని నవ్వండి.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముద్ర పడితే చావు అన్నది పోయి ముద్ర పడితే బతుకు అయింది. మీరు మామూలుగా రాసేశారు గాని నాకు అది ఎంత పెద్ద మాటగా తోచిందో!

అయినా నా బుద్ధి మీకు తెలుసు. సంతోషం వెనకే సందేహం వస్తుంది. ఇన్నేళ్లుగా నేను పిల్లల తప్పులకు ఎర్రసిరాతో సున్నా చుడుతున్నాను. రేపటి నుంచి ఒప్పులకే చుడతాను అంటే, సరేనండీ అని తలూపుతారు. కాగితం చేతికి రాగానే మాత్రం ఎర్రసున్నా చూసి ఏడుస్తారు. మీ కొట్టేవాళ్ల సంగతేమిటి? వాళ్లకు ఎవరు చెబుతారు? ఎట్లా చెబుతారు? మీకు చాదస్తంగా ఉంటే ఉండనివ్వండి, జవాబు మాత్రం రాయండి.

ఇంకొకటి. నవ్వకూడదు. తిరుపతి మహిళా సభ వాళ్లు ముక్కోటి ఏకాదశి మరునాడు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. విషయం నా ఇష్టమన్నారు. అడవి అన్నాను. అన్ని వయసులూ కలిసి ఉన్న అడవి ఎందుకు గొప్పది, దాన్ని తరగకుండా ఎట్లా వాడుకోవాలి, ఇదే నా ఉపన్యాసం. మీ దగ్గర నేర్చుకున్నదే నా మాటల్లో చెబుతాను. ఈ తిరగేసిన ముద్ర సంగతి చివరన పెడతాను. మద్రాసులో వృక్షశాస్త్రం చదివి వచ్చి ఇరవయ్యేళ్లయింది. ఎదుట పెద్దవాళ్లు కూర్చుని ఉండగా నేను నోరు తెరవబోవడం ఇదే మొదలు.

మీరు రావాలి. ముందు వరుసలో కూర్చోవాలి. ఎక్కడ తప్పు చెబితే అక్కడ మీ కనుబొమలు ఎత్తితే చాలు, నేను సర్దుకుంటాను. రాలేనని మాత్రం రాయకండి. రాలేనన్న ఉత్తరాలు మన పెట్టెలో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

మీ
పంకజాక్షి

*

ఈతమాకులకోన,
1943 డిసెంబరు చివర

ప్రియమైన పంకజానికి,

ఉపన్యాసకురాలి హుకుం శిరసావహించాను. వస్తాను. కోటుకు చిమ్మెట పురుగులు బొక్కలు పెట్టాయి, నీ పక్కన నిలబడను, ముందు వరుసలో కూర్చుంటాను కదా, ఫరవాలేదు.

నీ సందేహానికి జవాబు. కొట్టేవాళ్ల మేస్త్రీ చెంగయ్య నీకు తెలుసు. ఓసారి మనింటికి తేనె తెచ్చి, కుర్చీలో కూర్చోమంటే కూర్చోక, గడపలో కూర్చుని పోయాడు. నేను వచ్చిన నాటి నుంచీ నా సుత్తి వెనకాలే నడుస్తున్నవాడు. కూపు మొదలయ్యే నాడు గొడ్డలి పూజ చేస్తారు. కోడిని కోసి, టెంకాయ కొట్టి, గొడ్డళ్లన్నీ వరసగా పెడతారు. రేంజరు నిలబడితే గానీ మొదటి దెబ్బ పడదు, అది ఈ కోన ఆచారం. ఆనాడు అందరినీ కూర్చోబెట్టి నేనే చెబుతాను. పూజ ఏనాడో మునికృష్ణ ఇంకా తేల్చలేదు.

నీ
దేవరాజులు

*

చిత్తూరు,
1944 జనవరి

ప్రియమైన మీకు,

క్షేమంగా చేరారా? ఉపన్యాసం అయిన మరునాడు తెల్లవారుతూనే అంత హడావిడిగా బయలుదేరారు, కాఫీ కూడా తాగలేదు. పెట్రోలు లేక బొగ్గుతో నడిచే ఆ బస్సు ఎక్కడో ఆగిపోయి మిమ్మల్ని దింపి తోయించి ఉంటుంది.

చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మీ ముద్ర సంగతి చెప్పినప్పుడు ఒక ముసలావిడ "తల్లీ, ఆ మారాజెవరో!" అంది. మీరు ముందు వరుసలోనే ఉన్నారు, బొక్కల కోటుతో. మీ వైపు చూపించబోయి ఆగాను.

ఒక్కటే ముల్లు. మీరు పదే పదే గడియారం తీసి చూసుకోవడం చూశాను. ఉపన్యాసం మరీ సాగదీశానా? నచ్చలేదా? నచ్చకపోతే నచ్చలేదని రాయండి. సందేహంతో ఉండటం కంటే అది నయం.

మీ
పంకజాక్షి

*

ఈతమాకులకోన,
1944 మార్చి

ప్రియమైన పంకజానికి,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని అడగవద్దు. రాయడానికి చెయ్యి రాలేదు.

ముద్ర వేసినవన్నీ కొట్టేశారు.

నేను ఏరి ఏరి, భుజం పోయేట్టు ఎత్తి వేసినవన్నీ. తల్లి మానులు, వయసు మానులు. కూపులో ఇప్పుడు మిగిలినవి పోవలసినవే, ముసలివీ, తొర్రలు పడ్డవీ, వంకరవీ, చెద పట్టినవీ. నేను వారాల తరబడి జ్వరంతో బంగళాలో పడి ఉండి లేచేసరికి అంతా అయిపోయింది. లేచిన నాడు వెళ్లి చూశాను. తెగిన మొదళ్ల మీద నా ముద్ర చెక్కు చెదరకుండా ఉంది, ఇప్పుడే వేసినట్టు. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. ఒక్కటైనా వదిలారేమోనని ఆశ. చెంగయ్య పనివాడు, ఒక్కటీ వదల్లేదు.

పై దొర వచ్చి చూసి వెంటనే కారు ఎక్కి వెళ్లిపోయాడు. మరునాడు సంజాయిషీ కోరుతూ కాగితం వచ్చింది. మునికృష్ణ చేతులు దులుపుకున్నాడు. "మాకెవురూ సెప్పలేదప్పా. ముద్ర ఉన్నిది కొట్టినాం" అన్నాడు. చెంగయ్యా అదే పాట. నేను ఊరుకోలేదు. పూజ నాడు అందరినీ ఎదుట కూర్చోబెట్టి నా నోటితోనే చెప్పానని రాసిచ్చాను. చెంగయ్య మీద కేసు పెట్టాం. చిత్తూరులోనే విచారణ. ప్రమాణం చేసి అదే చెప్పాలి, చెబుతాను.

నువ్వు ఈ గొడవలో తల దూర్చవద్దు. ఎవరైనా మనింటికి వస్తే మాట్లాడవద్దు.

నీ
దేవరాజులు

*

చిత్తూరు,
1944 మే

ప్రియమైన మీకు,

మాట్లాడవద్దన్నారు. మాట్లాడాను.

నిన్న బడి నుంచి వచ్చేసరికి వసారాలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. కాళ్ల నిండా దుమ్ము. చెంగయ్య పెండ్లాం నాగులమ్మ. కోన నుంచి నడిచి వచ్చిందట.

"ఏం పని మీద వచ్చావమ్మా?" అన్నాను.

"మీ ఆయప్పను ఒక మాట అడగతావేమోనని."

"నువ్వే అడగకూడదూ?"

"నేనడిగితే కసురుకుంటాడు. నువ్వడిగితే కూడు తినేటప్పుడైనా ఇంటాడు గదా."

నవ్వు వచ్చింది నాకు. మీరు నాతో కూర్చుని కూడు తిని ఎన్నాళ్లయిందో ఆమెకేం తెలుసు?

"ఏమని అడగమంటావు?"

"మాకు ఎప్పుడు సెప్పినాడో అడగమ్మా. పూజ నాడు సెప్పినానని కోర్టులో రాసిచ్చినాడంట. ఆ పొద్దు కోడిని సంకలో పెట్టుకోని కూసున్నాం. రేంజరయ్య వస్తాడు, వస్తాడు అని పొద్దు నెత్తికెక్కిందాకా సూసినాం. కోడి గూడా నిద్దరపోయె. ఆయప్ప రాలేదు."

"పూజ ఏనాడు?"

"ముక్కోటి మర్సనాడు. మర్సిపోయే నాడా అది? కోనంతా తిరపతికి పోయింటే మేం మాత్రం ఆడ కూసుంటిమి."

నేను మంచినీళ్లకని లోపలికి వెళ్లి ఖాళీ చెంబుతోనే తిరిగొచ్చాను. ఆమె చూసి, "నీకూ జొరమామ్మా?" అంది.

ముక్కోటి మరునాడు మీరెక్కడ ఉన్నారో నాకు తెలుసు. ఊళ్లో ఇంకెవరికీ పట్టని ఆ సంగతి నాకు తెలుసు. వేదిక మీద నుంచి మిమ్మల్నే చూస్తూ మాట్లాడాను. మీరు గడియారం ఎందుకు చూసుకున్నారో ఇప్పుడు అర్థమైంది. నా ఉపన్యాసం నచ్చక కాదు.

నేను ఏదో పొరబడుతున్నానని రాయండి. పూజ రెండుసార్లు జరిగిందనో, మీరు మరో నాడు వాళ్లతో మాట్లాడారనో. ఏది రాసినా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను, ముందే చెబుతున్నాను. నమ్మాలన్న కోరిక నాకు అంత ఉంది. కానీ కాగితం మీద పెట్టి రాయండి.

నాగులమ్మ వాయిదా అయ్యేదాకా వసారాలోనే ఉంటానంది. పొమ్మనలేదు.

మీ
పంకజాక్షి

*

ఈతమాకులకోన,
1944 జూన్

పంకజా,

పొరబడలేదు నువ్వు. పూజ ఒక్కసారే జరిగింది. ముందునాడు సాయంత్రం మునికృష్ణ కబురు పెట్టాడు, రేపే పూజ అని. నీకు మాట ఇచ్చాను. పైగా నిన్నొకసారి ఆ వేదిక మీద చూడాలని నాకూ ఉంది. గార్డు ఓబయ్యను పిలిచి, ఇట్లా చెప్పమని ఒకటికి పదిసార్లు వల్లె వేయించి పంపాను. నేను తిరిగొచ్చాక "చెప్పినానయ్యా, అందరూ ఇన్న్యారు" అన్నాడు. ఆ రాత్రే నాకు జ్వరం పట్టుకుంది, వెళ్లి చూసుకోలేకపోయాను. ఇప్పుడు ఆ ఓబయ్యే "మా అయ్య నాకేమీ సెప్పలేదు, నేనెవురికీ సెప్పలేదు" అంటున్నాడు. మునికృష్ణ అనిపిస్తున్నాడు. అట్లా అనకపోతే తప్పు మునికృష్ణ మీదికి కూడా వస్తుంది.

నేను పంపాననీ, ఓబయ్య చెప్పాడనీ అంటే సాక్ష్యం లేదు. అసలు ఆనాడు నేను కూపులో లేనని ఒప్పుకుంటే ఉద్యోగమే లేదు. ఆ నిజం నాకు ఎందుకూ పనికిరాదు. అందుకని ఓబయ్య నోట ఉండవలసిన మాట నా నోట పెట్టుకున్నాను. మాట నిజమే పంకజా. చెప్పిన మనిషి మారాడు, అంతే.

ఇంకో రెండు కూపులున్నాయి. వాటికీ ఇదే హుకుం. నేనుంటే పోట్లాడి నాలుగో వంతైనా ఉంచుతాను. నేను పోతే మునికృష్ణ చెప్పుచేతల్లో ఉండేవాడు వస్తాడు, నేల ఊడ్చినట్టు ఊడుస్తారు. జలారి మాను ఎదిగి రావడానికి మన ఇద్దరి వయసూ కలిపినా చాలదు. చెంగయ్యకు శిక్ష పడితే ఎంత? ఆరు నెలలు. పోయిన మనిషి తిరిగొస్తాడు. పోయిన అడవి రాదు. ఇది నేను నా కోసం అంటున్నానని నువ్వు అనుకుంటే, ఇన్నేళ్లుగా మనం ఒకరికొకరం రాసుకున్నది దేనికి?

నాగులమ్మకు రోజూ అన్నం పెట్టు.

నీ
దేవరాజులు

*

చిత్తూరు,
1944 జూలై

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం వచ్చిన నాటి నుంచి మీతోనే వాదిస్తున్నాను. పాఠం చెబుతూ కూడా. కొన్నిసార్లు మీరే గెలుస్తున్నారు. మీరు చెప్పిందాంట్లో తప్పెక్కడుందో నిన్నటిదాకా పట్టుకోలేకపోయాను. ఇప్పుడైనా పట్టుకున్నానో లేదో.

మీ వృత్తిలో రోజూ ఒక తీర్పు ఉంది. మిగతావి నిలవడానికి ఏది పడాలి అని. ఏ మానూ మిమ్మల్ని నిలదీయలేదు. అలవాటైపోయింది. చెంగయ్యను కూడా అట్లాగే చుట్టూ తిరిగి చూసి, లావు చూసి, ఇది పడితే నష్టం తక్కువ అని లెక్క వేశారు. పోయిన మనిషి తిరిగొస్తాడని రాశారు. నాగులమ్మ మన వసారాలో కూర్చుని ఎదురు చూస్తోంది. ఆమెను చూస్తే ఆ వాక్యం నాకు చదవడం రావడం లేదు.

చెంగయ్య వకీలుకు కబురు పంపాను. ముక్కోటి మరునాడు నా భర్త తిరుపతిలో, నా ఎదుట ఉన్నాడని చెబుతాను. అడిగితే అంతే చెబుతాను. ఓబయ్య సంగతి నేను చూసింది కాదు, చెప్పను. ఆ వకీలుకు ఫీజు ఇస్తున్నది మునికృష్ణేనని తెలుసు. నేను చెప్పే నిజం ఎవరి గాదెలో పడుతుందో కూడా తెలుసు. తెలిసీ ఇంకో దారి కనిపించలేదు.

ముందుగా మీరే వచ్చి చెబితే నేను కోర్టు మెట్లెక్కనక్కరలేదు. వాయిదా మంగళవారం. సోమవారం బస్సు కోసం వీధి చివరకు వస్తాను.

మీ
పంకజాక్షి

*

సూళ్లూరుపేట దగ్గర, పులికాట్ ఒడ్డు,
1944 డిసెంబరు

పంకజాక్షికి,

అన్న ఇంట్లో ఉన్నాను. ఉద్యోగం పోయిన కాగితం ఇక్కడికే వచ్చింది. నీకు తెలిసే ఉంటుంది, చిత్తూరులో అందరికీ తెలుసు. కోర్టులో నిన్ను చూశాను. నువ్వు నన్ను చూడలేదు. అడిగినదానికంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ఒక్కటి తక్కువ చెప్పలేదు. ఎప్పుడూ అంతే నువ్వు. సోమవారం బస్సు ఎక్కడానికి బయటికి వచ్చిన మాట నిజం. కండక్టరు "ఎక్కు సామీ" అన్నాడు. ఎక్కలేదు, మంగళవారం తిన్నగా కోర్టుకే వచ్చాను.

ఇక్కడ పడవలు, రొయ్యలు, ఉప్పు గాలి. మానులంటే సరుగుడు తోటలే. అన్నీ ఒకే నాడు నాటినవి, ఒకే ఎత్తు. ఒకే నాడు నరికి మద్రాసు పొయ్యిలకు పంపుతారు. ఏది ఉంచాలి ఏది కొట్టాలి అని ఎవడూ తల పట్టుకోడు. హాయిగా ఉన్నారు.

మిగతా రెండు కూపులూ ఊడ్చేశారని విన్నాను. నేను చెప్పలేదా అని రాయడానికి కలం తీశాను. రాయను.

ఒకే ఒక్కటి అడుగుతున్నాను. నిద్ర పట్టడం లేదు. ఓబయ్య చెప్పాడా, లేదా? చెప్పి ఉంటే నా మానుల్ని వాళ్లు తెలిసి చంపారు. చెప్పి ఉండకపోతే నేను చంపాను. చెంగయ్యను ఇప్పుడు అడిగితే దాచడానికి అతనికేం లేదు, కేసు కొట్టేశారు. నువ్వు అడిగితే చెబుతాడు, జైలు తప్పించినదానివి. నా కోసం కోనకు వెళ్లి ఈ ఒక్క మాట అడిగి రాయి. ఆ తరువాత రాసినా రాయకపోయినా సరే.

దేవరాజులు

*

చిత్తూరు,
1945 ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

ఇట్లా మొదలుపెట్టే హక్కు ఇంకా ఉందో లేదో తెలియదు. వేరేగా మొదలుపెట్టడం చేతకాలేదు.

వెంటనే వెళ్లలేదు. ఏ జవాబు వచ్చినా మనలో ఒకరిని ముంచుతుందని భయం. చెంగయ్యను విడిచిపెట్టిన వారం మునికృష్ణ మనింటికి ఒక బెల్లం బుట్ట పంపాడు, నా ధర్మబుద్ధికి మెచ్చి. తిప్పి పంపాను. తెచ్చినవాడు, "మా సామి మళ్లీ పంపిస్తాడమ్మా, తీసుకోకుంటే ఆయప్పకు నిద్ర రాదు" అన్నాడు. ఆ బుట్ట చూసిన నాటి నుంచీ ఉన్న సందేహానికి మీ ప్రశ్న తోడై నాక్కూడా నిద్ర లేకుండా చేసింది. మొన్న వెళ్లాను.

మీ కూపు ఉన్న చోటు గుర్తుపట్టలేకపోయాను. కోన నోటి దగ్గర నిలబడితే అవతలి కొండ కనిపించింది. ఇదివరకు ఎన్నిసార్లు వచ్చినా ఆ కొండ ఉందనే నాకు తెలియదు. కలపకు పనికిరానివన్నీ బొగ్గు భట్టీల్లోకి పోతున్నాయి. కొత్త రేంజరు సుత్తి బంగళాలోనే పెట్టుకున్నాడట. అన్నీ కొట్టేటప్పుడు దానితో పనేముంది?

చెంగయ్య కూపు చివరన ఒక్కడే ఉన్నాడు. పక్కన ఒక లేత జలారి, చుట్టూ అన్నీ పోయి అదొక్కటే నిలబడి ఉంది, నా రెండు చేతుల పట్టుకు వచ్చేటంత. గొడ్డలి దానికే ఆనించి చుట్ట కాలుస్తున్నాడు. నన్ను చూసి చుట్ట పారేసి లేచాడు.

"దాన్నెందుకు ఉంచావు?" అన్నాను.

"ఏమోమ్మా. పొద్దుట్నుంచీ సూస్తానే ఉండా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. మీ ప్రశ్న మీ మాటల్లోనే అడిగాను.

"సెప్పినాడమ్మా ఓబయ్య," అన్నాడు. తల దించుకోలేదు. "సెప్పలేదని కోర్టులో అనమన్నారు, అన్నాను."

తరువాత నేను అన్న మాట కరుకుగానే ఉండి ఉంటుంది. "తెలిసీ కొట్టావన్న మాట! మునికృష్ణ కొట్టమన్నాడనా?"

"ఆయప్ప ఎట్లైనా కొట్టమనేవాడే. ఆయప్ప మాటకు నేను కొట్టలే." చెంగయ్య మొదటిసారి గొంతు పెంచాడు. "అమ్మా, ముద్ర లేని మానును ముట్టుకుంటే జైలని మాకు నేర్పింది ఎవురు? మా నాయన ఒక మద్దిమాను కోసరం జైల్లో కూసోని వచ్చినాడు. వచ్చినాక గొడ్డలి పట్టలేదు, సచ్చిందాకా. అట్లాంటిది, ఆ పొద్దు ఓబయ్య వచ్చి, ముద్ర లేనివి కొట్టండ్రా, ఉన్నివి ముట్టుకోబాకండి అంటాడు. వాడు తాగినాడో, మమ్మల్ని ఇరికించేదానికి ఎవురన్నా పంపినారో, ఎట్లా తెలిసేది? అయ్య వస్తాడు, అయ్య నోట ఇందాం అని కూసున్నాం. రాలేదు. పొద్దు వాలిపోతా ఉండాది. అందరూ నా మొగం సూస్తా ఉండారు. నేను పోయి ముద్ర సూసినాను. అయ్య సేతి దెబ్బే అది, నాకు తెలీదా? ఒక పక్క ఓబయ్య నోరు, ఒక పక్క అయ్య సుత్తి. దేన్ని నమ్మేది? నువ్వే సెప్పు. అయ్యను నమ్మినాను గాబట్టి సుత్తిని నమ్మినాను."

మీరు అడిగిన దానికి ఇదే జవాబు. ఓబయ్య చెప్పాడు. వాళ్లు విన్నారు. నమ్మలేదు. తెలిసి చంపారా అంటే కాదు. మీరు చంపారా అంటే, మీ మీద ఉన్న నమ్మకం చంపింది. ఆ నమ్మకం కోనలో మీ కోసం ఎదురు చూస్తుంటే, నేను మిమ్మల్ని తిరుపతిలో ముందు వరుసలో కూర్చోబెట్టుకున్నాను. కోర్టులో నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. దానితో అబద్ధం గెలిచింది. మళ్లీ ఆ మెట్లెక్కమంటే ఎక్కనని చెప్పలేను. ఎక్కుతాననీ చెప్పలేను. చెంగయ్య జైలుకు పోయి ఉంటే న్యాయమయ్యేదా? అదీ చెప్పలేను. రాత్రంతా బేరీజు వేసినా తక్కెడ ముల్లు ఒక చోట నిలవడం లేదు.

నేను వచ్చేయబోతుంటే చెంగయ్య వెనక నుంచి పిలిచాడు.

"అయ్య మళ్లా వస్తాడామ్మా, ఈడికి?"

"రాడు," అన్నాను.

అతను ఆ లేత మాను మీద, ముద్ర పడవలసిన చోట అరచెయ్యి పెట్టి చూశాడు. "అట్లైతే సరేలే," అని, జలారికి ఆనించిన గొడ్డలి తీసుకున్నాడు. నేను కోన నోరు దాటకముందే అది పడిన చప్పుడు వినిపించింది.

ఇంతకంటే మీకు రాయగలిగింది నా దగ్గర లేదు.

పంకజాక్షి